బాలామృతం ప్యాకెట్ బిడ్డకే: 1 నుంచి 3 ఏళ్ల పిల్లల తిండి గురించి నాలుగు మాటలు

అబిడ్స్, నాంపల్లి బస్తీల్లోని తల్లులకు, నానమ్మలకు, అమ్మమ్మలకు ఈ మాటలు. చదివే తీరిక లేకపోతే ఎవరితోనైనా చదివించుకొని వినండి.

ముందు చాయ్ సంగతి. మన దిక్కు పొద్దున లేస్తే చాయ్, దాంట్లో ముంచిన ఉస్మానియా బిస్కెట్. పెద్దోళ్లకు బాగానే ఉంటది. ఏడాదిన్నర బిడ్డకు కూడా అదే నాష్తా అయితేనే కష్టం. మైదా, చక్కెరతో ఆ చిన్న కడుపు నిండిపోతుంది. తర్వాత పప్పన్నం పెడితే మూతి తిప్పుకుంటాడు. పైగా తిండిలోని ఐరన్‌ను చాయ్ సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువైతే బిడ్డ నీరసపడతాడు, ఎదుగుదల, తెలివి కూడా దెబ్బతింటాయి. పాలు మంచివే గానీ, రోజంతా సీసా పాలే పడితే ఇదే గతి.

మీ అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు బిడ్డకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఉచితంగా ఇస్తారు. బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. రోజుకు 100 గ్రాములు వేసుకుంటే 25 రోజులకు వస్తుంది. కాచిన గోరువెచ్చని నీళ్లలో చిక్కగా కలిపి, రెండు మూడు సార్లుగా పెట్టండి. మళ్లీ చక్కెర వేయకండి, అందులోనే ఉంది.

అసలు గొడవ ఇక్కడే. ప్యాకెట్ ఇంటికి రాగానే లడ్డూలు చేసి అందరికీ పంచుతారు, పది రోజుల్లో ఖతం. పెద్ద పిల్లలు అడిగితే కాదనలేం, నిజమే. వాళ్లకు ఇంకోటి చేసి పెట్టండమ్మా. గుడ్డు కూడా అంతే, ఇంటాయన ఆమ్లెట్‌లోకి పోవద్దు.

బాలామృతం ఒక్కటే చాలదు. మెత్తటి అన్నం, పాలకూర పప్పు, చెంచా నెయ్యి, పైన నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం ఉంటే ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు, పూటకు ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా పెట్టాలి. కప్పంటే 250 మిల్లీలీటర్లది. రెండేళ్లు వచ్చేదాకా తల్లిపాలు ఆపొద్దు. అబిడ్స్‌కు బజారుకు పోయినప్పుడు చేతిలో పల్లీలు పెట్టకండి, గొంతులో ఇరుక్కుంటే ఊపిరాడదు. ఇంట్లో పొడి కొట్టి అన్నంలో కలపండి.

దుకాణాల్లో పనికి పోయే తల్లులు బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి పోతారు. ఎంత పెట్టాలో ఆమెకు గిన్నెతో కొలిచి చూపించి పోండి.

నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించండి. టీచరమ్మ జబ్బకు టేపు చుట్టి చూస్తారు. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే బిడ్డ బక్కచిక్కినట్టు. 11.5 కంటే తగ్గితే ప్రమాదం, ఇంట్లో చూద్దాంలే అనొద్దు. దగ్గరలోనే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రి ఉంది. అలాంటి పిల్లలను చేర్చుకొని తిండితో, మందుతో కోలుకునేలా చేసే పోషకాహార కేంద్రం అక్కడుంది. వెళ్లేటప్పుడు అంగన్‌వాడీ కార్డు, టీకాల కార్డు వెంట పెట్టుకోండి.