కాటన్ అను మాట, కాటన్ అను పేరు

(బెళ్ళందూరులో మన సంఘపు వారపు సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. పదవ తరగతితో చదువు చాలించి బట్టల వర్తకములో దిగినవాడను. కాటన్ అను మాట దినమునకు నూరుసార్లు నా నోట వెడలును. ఆ మాటమీద ఈ పూట నన్ను మాటలాడుమని కార్యవర్గమువారు కోరుటకు అదియే కారణము కాబోలు. నాకు మాత్రము మఱియొక కారణము కలదు.

గోదావరి జిల్లాలనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన మన సభ్యులు కొందరు ఒక అర్జీ సిద్ధపఱచిరి. బెంగుళూరు నగరములోని కాటన్‌పేట సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరిట వెలసినదనియు, కావున ఆ పేట మొగదల ఆయన చిత్రపటముతో ఒక తెలుగు ఫలకము నిలుపుటకు అనుమతి ఈయవలసినదనియు నగరపాలకులను కోరుట ఆ అర్జీ సారాంశము. దానిపై ఇరువదిమంది చేవ్రాళ్లు పడినవి. నా చేవ్రాలు పడలేదు. కాటన్ దొరపై నాకు భక్తి లేక కాదు. మా తాతగారు కోనసీమ రైతు; ఆ కాలువ నీటితో పెరిగిన కుటుంబము మాది. అయినను చేవ్రాలు ఎందుకు చేయలేదో మీకు విన్నవింపవలసియున్నది.

మొదట మాట సంగతి. పత్తి మన దేశపు పంటయే. సంస్కృతములో దానిని కార్పాసమందురు. హిందీవారి కపాస్ దానినుండియే వచ్చినది. ఆ శబ్దమే గ్రీకులకు కార్పసోస్, రోమనులకు కార్బసుస్ అయినది. కాని ఇంగ్లీషువాడు దానిని గ్రహింపలేదు. అరబ్బు వర్తకులు పత్తిని ఖుతున్ అందురు. వారి ఓడలతోను ఒంటెలతోను ఆ మాట మధ్యధరా సముద్రము దాటి ఇటలీలో కొతోనె, ఫ్రాన్సులో కొతోఁ అయి, 14వ శతాబ్దినాటికి ఇంగ్లండు చేరినది. స్పెయినువారు అరబ్బీ ఉపపదమగు అల్‌తో సహా తీసికొని అల్గొదోన్ అనిరి. సరకు మనది, మాట అమ్మినవానిది. వ్యాపారములో ఇది క్రొత్త కాదు. కోళిక్కోడునుండి పోయిన బట్టను కాలికో అనుటయు, మన ఛీంటు గుడ్డను చింట్జ్ అనుటయు ఇట్టిదే.

ఇందు ఒక చిత్రము కలదు. 16వ శతాబ్దిలో ఇంగ్లండున మాంచెస్టరు కాటన్లని కొన్ని బట్టలు అమ్ముడుపోయెడివి. అవి పత్తిబట్టలు కావు, ఉన్నిబట్టలు! బట్టపై నూగు రేపుటను కూడ ఆ కాలమున కాటన్ చేయుట అనెడివారు. చీటీపై ఒకటి, తానులో మఱొకటి. నాలుగువందల ఏండ్లు గడచినను ఆ విద్య నశింపలేదు. నేడు కాటన్ ఫీల్ అని అచ్చువేసిన తాను విప్పి చూడుడు. అందు సగము పాలిస్టరు, ఒక్కొక్కప్పుడు అంతయు పాలిస్టరే. మా అంగడిలో చీటీని నమ్మము. ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపుదుము. పత్తియైనచో కాగితమువలె కాలి, కాగితపు వాసన వేసి, మెత్తని బూడిద రాలును. పాలిస్టరైనచో ముడుచుకొని కరగి నల్లని పూసవలె గట్టిపడును. పేరును గూడ ఇట్లే ఒక పోగు లాగి పరీక్షింపవలెనని నా అభిప్రాయము.

ఇక ఇంటిపేరు. కాటన్ అను ఇంటిపేరునకు పత్తితో ఏ చుట్టరికమును లేదు. ఇది విన్నవారు నమ్మరు. నేనును మొదట చదివినప్పుడు రెండుసార్లు చదివితిని. ప్రాచీనాంగ్లమున కాట్ అనగా గుడిసె. నేటి కాటేజి అను మాటకును అదియే మూలము. దాని బహువచనమునకు విభక్తి చేరి కోటుం అయినది. గుడిసెలయొద్ద అని అర్థము. ఆ పేర కాటన్, కోటన్ అను పల్లెలు ఇంగ్లండున పెక్కుచోట్ల వెలసినవి. ఆ పల్లెలనుండి వచ్చినవారు కాటన్‌లైరి. ఉచ్చారణ కాలక్రమమున కలిసిపోయి, అరబ్బు పత్తియు, ఇంగ్లీషు గుడిసెయు ఒకే వేషము ధరించినవి.

తెలుగువారికి ఇది తెలియని పద్ధతి కాదు. మన ఇంటిపేర్లలో సగము ఊళ్ల పేర్లే. కందుకూరునుండి వచ్చినవారు కందుకూరివారైరి. వీరేశలింగము పంతులుగారి ఇంటిపేరు అట్టిదే. కందుకూరు కందుకూరిగా మారుట వంటిదే కాట్ కోటుముగా మారుట. ఊరి పేరు విభక్తిరూపముతో మనిషికి అంటుకొన్నది. ప్రత్తిపాటివారు పత్తి అమ్మినవారు కానక్కరలేదు. ప్రత్తిపాడునుండి వచ్చినవారైన చాలును.

భారతదేశమునకు వచ్చిన కాటన్‌లు ఒకరు కారు. కలకత్తా బిషప్పుగా నుండిన జార్జి కాటన్‌గారు ఒకరు. ఆయన పేరిట సిమ్లాలో 1859లోను, మన బెంగుళూరున 1865లోను పాఠశాలలు వెలసినవి. ఆ మఱుసటి యేడే, 1866లో, ఆయన కుష్టియాయొద్ద పడవ ఎక్కబోవుచు గొరాయి నదిలో జారిపడి మునిగిపోయిరి. మఱియొకరు సర్ హెన్రీ కాటన్. 1845లో కుంభకోణమున జన్మించి, అస్సామున చీఫ్ కమీషనరై, 1904లో బొంబాయి కాంగ్రెసునకు అధ్యక్షత వహించినవారు. గౌహతిలోని కాటన్ కళాశాల, నేటి కాటన్ విశ్వవిద్యాలయము, ఆయన పేరిటిది. మన పిల్లలలో ఒకరు ఈ ముగ్గురును ఒకరేయని పాఠశాలలో వ్రాసిరట. తప్పు పిల్లలది కాదు, మనము చెప్పలేదు.

సర్ ఆర్థర్ కాటన్ సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1832-33 నందన సంవత్సరపు కరువున గుంటూరు సీమ శవాల దిబ్బయైనది. 1839లో కోరంగిని ఉప్పెన మింగినది. గోదావరి మాత్రము ఏటేట సముద్రములోనికి వృథాగా పోవుచునేయుండెను. అంతకు మున్ను కావేరి, కొల్లిడములపై పనిచేసి ఇసుకలో పునాది వేయు కిటుకు నేర్చిన కాటన్ 1847లో ధవళేశ్వరమున పని మొదలిడి 1852 నాటికి ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు పాయలకు నాలుగు ఖండములు. ఆ విద్య ఆయన చోళుల కల్లణైనుండి నేర్చినదే. ఆ సంగతి ఆయనయే దాచలేదు. ఇంగ్లీషు నిఘంటువులోని ఆనికట్ అను మాట తమిళుల అణైక్కట్టు; మన ఆనకట్ట, కన్నడిగుల అణెకట్టు దాని తోబుట్టువులు. పత్తిమాట అరబ్బుల యొద్ద తీసికొన్న ఇంగ్లీషువాడు ఆనకట్టమాట మన దక్షిణాదియొద్ద తీసికొన్నాడు. దొరగారు 1899లో మరణించిరి. పాత ఆనకట్టకు బదులు కట్టిన నేటి బ్యారేజికి ఆయన పేరే ఉన్నది. వేడుక ఏమనగా, కాటన్ కాలువల క్రింద పండినది పత్తి కాదు, వరి.

ఇక కాటన్‌పేట. ఆ పేటకు కన్నడమున అరళెపేట అని పేరు. ఇప్పటికిని పాతవారు అట్లే అందురు. మన పత్తి కన్నడములో హత్తి. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు, పకారము హకారమైనది. గింజ తీసిన పత్తిని మనము దూది అందుము, వారు అరళె అందురు. అనగా అరళెపేట దూది అమ్మిన పేట. దానికి చుట్టుప్రక్కల చూడుడు: అక్కిపేట బియ్యపుది, బళేపేట గాజులది, గాణిగరపేట గానుగలవారిది, కుంబారపేట కుమ్మరులది. సరకును బట్టియు, వృత్తిని బట్టియు పేట పేరు. ఆ వరుసలో అరళెపేట చక్కగా ఇముడును, ఇంజనీరుదొర ఇమడడు. అరళెను ఎవరో ఇంగ్లీషు చేసి కాటన్ అనిరి. అంతియే.

అర్జీ వ్రాసిన మిత్రులు కన్నడపు పేరు అడిగియుండినచో ఒక్క నిమిషములో తేలెడిది. ఈ ఊరున మూడేసి తరములు బ్రతికియు కన్నడపు పలక చదువని మనవారు కలరు. అట్టివారమై, దూది ఏకిన వారి పేరుమీద, బండ్లు తోలిన వారి పేరుమీద మన దొరగారి పటము తగిలింతుమనుట ఇరుగుపొరుగునకు ఎట్లుండును? రేపు వారిలో చదువుకొన్నవాడొకడు అరళె అనగా ఏమని అడిగినచో ఇరువదిమంది చేవ్రాళ్లును తలవంచుకొనవలయును. అల్పసంఖ్యాకులమైన మనకు పరపతియే మూలధనము. ఒకసారి చెల్లని చెక్కు ఇచ్చిన వర్తకుని తరువాతి చెక్కును ఎవరును తీసికొనరు.

ఇది తొందరలో జరిగిన పని. దురుద్దేశముతో జరిగినది కాదని నేనెఱుగుదును. చేవ్రాలు చేసినవారిలో నా బావమఱది కలడు. ఆయనతో మొన్న రాత్రి ఇదే మాటలాడితిని; మధ్యాహ్నపు వేళకు ఫోను చేసి తన పేరు కొట్టివేయుమనెను.

కార్యవర్గము వచ్చు ఆదివారము ఈ అర్జీని చర్చించును. దానిని ఉపసంహరింపవలెనని నా ప్రతిపాదన. దానికి బదులుగా రెండు కోరుచున్నాను. పటమునకు పోగైన చందాతో మన పిల్లలను ధవళేశ్వరములోని కాటన్ ప్రదర్శనశాలకు తీసికొనిపోవుదము. పోవుటకు ముందు ఒక ఉదయము అరళెపేటలో నడచి, అచ్చటి పాత అంగడివారిని ఆ పేరు కథ చెప్పుమని కన్నడముననే అడుగుదము. అడుగవలసిన ప్రశ్నలు కన్నడమున వ్రాసియిచ్చుటకు మన సభ్యురాలొకరు, ఉపాధ్యాయిని, ఒప్పుకొనియున్నారు. రాదలచిన పిల్లల పేర్లు శనివారములోగా కార్యదర్శిగారికి అందజేయుడు.