బండి కమానులు – యజమాని ధర్మము



విద్యావ్యాప్తినిగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ఉపన్యసించిన ఈ వేదికపై మోటారుబండి క్రింది కమానులనుగూర్చి మేము మాటలాడుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని ఈ పందిటి వెలుపల నిలిచియున్న కార్లను ఒక్కమాఱు తలంచుడు. మనలో పెక్కుమంది భార్యాబిడ్డలతో వానియందే వచ్చితిమి. వానియందే తిరిగి పోవలసియున్నది. మన కులమున బండ్లకు యజమానులును గలరు. ఆ బండ్లను నడిపి కుటుంబములను పోషించుకొను డ్రైవర్లును గలరు. ఈ యుభయుల నడుమ నుండవలసిన యొక ధర్మమునుగూర్చియే మా విన్నపము.

లారీలయందు ఇనుపపట్టీలు పేర్చిన కమానులును, కార్లయందు చుట్టలు తిరిగిన స్ప్రింగులును, వానికి తోడుగా షాక్ అబ్సార్బరులును ఉండును. ఇవి కూర్చున్నవారి సుఖమునకే యమర్చబడినవని పలువుర తలంపు. సుఖము రెండవది, మొదటిది టైరు నేలను విడువకుండ జేయుట. స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను, పనిచేయునది టైరు నేలను అంటియుండు అఱచేతియంత చోటే కదా! స్ప్రింగు బరువును మోయును. గోతిలో పడిలేచిన స్ప్రింగు మరల మరల ఊగకుండ షాక్ అబ్సార్బరు అణచును. ఇది బలహీనమైనచో చక్రము ఎగిరెగిరి పడును. ఎగిరిన క్షణమున నేలపై పట్టు లేదు. బండి నిలుచుటకు దూర మెక్కువగును.

ఇంతకంటె ఘోరమైనది బాల్ జాయింటు ఊడుట. ముందుచక్రమును లోయర్ ఆర్మ్ అను కడ్డీతో కలిపి, చక్రము ఇటునటు తిరుగుటకు వీలిచ్చు గుండ్రని కీలు ఇది. పైనున్న రబ్బరుతొడుగు చినిగినచో ధూళియు నీరును లోనికిబోయి, గ్రీజు పోయి, కీలు అరుగును. తుదకది గూటినుండి ఊడినచో చక్రము వాలిపోవును. బండి ఆ మూల నేలకు క్రుంగును. అప్పుడు డ్రైవరు చేతిలో స్టీరింగు ఉన్నను లేనట్లే.

గట్టి యినుము ఏల విఱుగును? పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీయందు ఆగస్టు వోలరు అను రైల్వే ఇంజనీరు ఇరుసులపై పరీక్షలు సల్పి, ఒక్కమాఱు మోపిన విఱుగని బరువే లెక్కలేనిమార్లు మోపినచో లోహమును విఱుచునని నిరూపించెను. ఒక గీత గాని, ఒక త్రుప్పుమచ్చ గాని చాలును. అందు పగులు పుట్టి కంటికి గానరాక పెరుగును. మన సముద్రతీరపు టూళ్లలో ఉప్పుగాలి ఈ త్రుప్పునకు తోడగును.

పేరుగాంచిన సంస్థ చేసిన బండి యని నిశ్చింతగా నుండుటకును వీలులేదు. 2013 మొదలు 2017 వఱకు గల ఎక్స్‌ప్లోరరు కార్లను సుమారు 7,75,000 బండ్లను అమెరికాలోని ఫోర్డు సంస్థ 2021లో మరమ్మతునకై వెనుకకు పిలిచెను. వెనుకచక్రములకడ నొక బాల్ జాయింటు బిగిసిపోయి, టో లింకు అను కడ్డీ విఱిగి, బండి అదుపు తప్పవచ్చునని కారణము. మన దేశమునను మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణవలన, ప్రాణాపాయకరమైన లోపముగల బండ్లను వెనుకకు పిలిపించు అధికారము కేంద్రప్రభుత్వమునకు గలిగినది. అట్టి జాబు వచ్చినచో దానిని బల్లసొరుగులో దాచి మఱచిపోరాదు.

లారీలకును, బస్సులకును, అద్దెకార్లకును నియతకాలమున ఫిట్‌నెస్ పరీక్ష గలదు. సొంతకారునకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ గడువు తీరువఱకు ఏ యధికారియు పరీక్షకై దాని క్రిందికి వంగి చూడడు. కావున అన్నియేండ్లును పరీక్షాధికారి యజమానియే. ఆయనకు కన్నులును చెవులును డ్రైవరే.

కమానులు పెక్కు సమయములందు హెచ్చరింపక విఱుగవు. గతుకులపై టకటకమను చప్పుడు, ఒకవైపునకు క్రుంగిన బండి, బ్రేకు వేసినపుడు ప్రక్కకు లాగుట, టైరు ఒక అంచుననే అరుగుట, షాక్ అబ్సార్బరునుండి నూనె కారుట – ఇవియే ఆ హెచ్చరికలు. వీనిని ముందుగా గుర్తించువాడు డ్రైవరు. “బాబుగారూ, ముందుచక్రముకడ చప్పుడు వచ్చుచున్నదండీ” అని యతడు మనవి చేయును. “ఈ పెండ్లిప్రయాణము కానిమ్మురా, తరువాత చూతము” అని యజమాని సెలవిచ్చును. బండి బోల్తాపడిన పిమ్మట మాత్రము లోకమెల్ల డ్రైవరునే నిందించును. బ్రతికియున్న కేసు వానిపైననే, చనిపోయిన దిక్కులేని దతని యాలుబిడ్డలే. ఇది న్యాయమా?

లారీ యజమానులకు మఱియొక మాట. కమానుకట్టకు అదనపు పట్టీ వేయించి అధికభారము నెత్తించుట కొందఱి యలవాటు. పట్టీ పెరిగినంతమాత్రమున ఇరుసునకు గాని, బ్రేకులకు గాని, టైర్లకు గాని బలము పెరుగదు. ఆ మిగులు కిరాయి డ్రైవరు ప్రాణమును కుదువబెట్టి తెచ్చిన ధనమే.

కావున ఈ మహాసభవారిని మేము కోరునవి మూడు. డ్రైవరు చప్పుడు వినబడుచున్నదని చెప్పిననాడు, బండిని మేస్త్రీచే క్రిందినుండి చూపించి గాని దూరప్రయాణము చేయింపరాదు. చెప్పినందుకు వానిపై కోపింపరాదు, జీతము కోయరాదు. వచ్చు మహాసభనాడు, తెలిసిన మేస్త్రీల నిద్దఱిని సంఘము తన వ్యయముతో నియమించి, వచ్చిన బండ్ల నన్నిటిని ఉచితముగా పరీక్షింపజేయవలెను. అన్నదానమునకు ముందుకు వచ్చు దాతలకు ఈ వ్యయ మొక లెక్కలోనిది కాదు.

డ్రైవర్లగు సోదరులారా! దారిలో ఏదేని విఱిగినచో స్టీరింగును గట్టిగా పట్టుకొని, యాక్సిలరేటరునుండి కాలు తీసి, బ్రేకును మెల్లగా త్రొక్కి, బండిని అంచునకు జేర్చుడు. ఎట్లో ఊరు చేరుదమను సాహసము వలదు. యజమాని కోపము ఒక పూటది. ఇంటికడ మీకై యెదురుచూచువారి దుఃఖము జీవితాంతపుది.