జెండాగుడ్డ
(ఒక గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



జెండాపండుగ వచ్చినప్పుడెల్ల మనము మూడు రంగులను గూర్చి చెప్పుకొందుము; నడుమనున్న చక్రమును గూర్చి చెప్పుకొందుము. ఆ రంగులను మోయుచున్న గుడ్డను గూర్చి చెప్పుకొనువారరుదు. నేడు మేము ఆ గుడ్డను గూర్చియు, గుడ్డలోని పోగును గూర్చియు, పోగులోని పీచును గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. అంగడిలో బట్టను వ్రేళ్లనడుమ నలిపిచూచి ధర యడుగుట మనకందరకు నలవాటే. ఇది యే పీచుతో నేసినదని యడుగుట మాత్రము మరచితిమి. ఆ మరపు మన జెండాను గూడ తాకినది.

మొదట పత్తి. పత్తిగింజపై మొలచిన వెండ్రుకయే దూది. కాయలో నున్నంతకాలము ఆ పీచు సన్నని గొట్టము. కాయ పగిలి యెండ తగులగనే లోని తడి యారి, గొట్టము చదునై, నాడావలె మెలికలు తిరుగును. సూక్ష్మదర్శినిలో నీ మెలికలు స్పష్టముగా గానవచ్చును. ఒక పీచు మెలికలో మరియొక పీచు మెలిక చిక్కుకొనుటచేతనే, అంగుళము మాత్రపు పీచులు కదురుపై గలిసి కోసుల పొడవు దారమగుచున్నవి. పత్తికి మరియొక గుణము గలదు. తడిసినప్పుడు దాని బలము తగ్గదు, పెరుగును. చాకిరేవు బండదెబ్బకు నూలుబట్ట యోర్చుట యిందుచేతనే. పట్టునకును ఉన్నికిని ఈ భాగ్యము లేదు. తడిసిన నవి బలహీనములగును.

ఇక చెమట సంగతి. పొడిపీచు 100 పాళ్ల బరువునకు, సాధారణమైన గాలిలో, నూలు సుమారు 8 పాళ్ల తేమను, పట్టు 11 పాళ్లను, ఉన్ని 16 పాళ్లను తనలో నుంచుకొనును. ఉన్ని తేమ నెక్కువగా బట్టినను వేసవికి తగదు. ఏలయన, దాని వంకరలలో గాలి చిక్కుకొని వెచ్చదనమును నిలుపును. కొండప్రదేశములవారికి అది వరము. రోహిణికార్తెలో మనవారికి నూలుపంచెయే శరణ్యము.

పాలియెస్టరు పట్టు తేమ అర పాలైనను లేదు. దానిని 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి. రాతినూనెనుండి తీసిన ద్రవ్యములతో చేసిన ముద్దను కరగించి, సన్నని రంధ్రములగుండ వెడలించి తీసిన దారమది. దానిని నిందించుటకు మేము రాలేదు. అది నలగదు, త్వరగా ఆరును, చిమ్మట కొట్టదు, చిరకాలము మన్నును, చౌకగా దొరకును. బీదయింటి యిల్లాలికి ఏండ్లతరబడి చిరుగని చీర నిచ్చినది అదియే. అయినను చెమటను పీల్చదు. నిప్పంటిన గరగి చర్మమునకు అంటుకొనును. మట్టిలో పాతినను ఏండ్లకు గూడ మట్టిగాదు. ఏ పీచు గుణదోషములు దానికున్నవి. ఎరిగి కొనుట తప్పుగాదు. ఒకటి యనుకొని మరియొకటి కొనుట మోసపోవుట.

మోసపోకుండుటకు ఇంటనే పరీక్ష గలదు. బట్ట అంచునుండి ఒక పోగు లాగి, పట్టకారుతో బట్టి, నీళ్లపళ్లెముపై దీపమునకు జూపుడు. నూలైనచో చురుకుగా మండి, కాలిన కాగితము వాసన వేసి, మెత్తని బూడిద మిగులును. పట్టో ఉన్నియో యైనచో వెండ్రుకలు కాలిన వాసన వేసి, వ్రేళ్లతో నలిపిన పొడియగు నల్లపూస మిగులును. పాలియెస్టరైనచో మంటనుండి ముడుచుకొని, కరగి, నలుపగా నలుగని గట్టిపూసయగును. చెట్టుగుజ్జుతో చేసిన రేయాను నూలువలెనే కాలును గాని, తడిపి లాగిన సులువుగా తెగును.

ఇప్పుడు జెండాకడకు వత్తము. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలనాడు గాంధీమహాత్మునకు జెండా చిత్రము నందించిన పింగళి వెంకయ్యగారు కృష్ణాజిల్లా భట్లపెనుమర్రు వారు. కంబోడియా పత్తిని గూర్చి పరిశోధన చేసినందున వారిని జనులు ‘పత్తి వెంకయ్య’ అనిరి. జెండా నూహించినవాడు పత్తిపీచు నెరిగినవాడు! 1947 జూలై 22న రాజ్యాంగసభ త్రివర్ణపతాకము నంగీకరించినది. 1951లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన మొట్టమొదటి ప్రమాణము జెండాను గూర్చినదే. 2002 నాటి జెండా నియమావళియు చేత వడికి చేత నేసిన ఉన్ని, నూలు, పట్టు ఖద్దరునే విధించినది. 2021 డిసెంబరు 30న ఆ నియమము సడలినది. యంత్రముపై నేసిన గుడ్డకును పాలియెస్టరునకును అనుమతి లభించినది. మరుసటి యేట ఇంటింట జెండా యెగురవేయుడని పిలుపు వచ్చినది.

ఇంటింట జెండా యెగురుట మాకును సంతోషమే. అన్ని కోట్ల జెండాలను కొలదిదినములలో రాట్నము సమకూర్పజాలదను వాదమును మేమెరుగుదుము. వానగాలికి పాలియెస్టరు జెండా నూలుజెండాకన్న నెక్కువకాల మోర్చునను మాటయు నిజమే. కాని పండుగ మరునాడు కాలువప్రక్కలను జూడుడు. నూలుగుడ్డ మన్నై మన్నులో గలియును. కరగని గుడ్డ బురదలో రంగులతోనే పడియుండును. అంతకన్న ముఖ్యమైన దింకొకటి గలదు. ఆ జెండా వెనుక వడికిన చేయి లేదు.

వడికిన చేయి యననేమో శ్రీకాకుళముజిల్లా పొందూరులో దెలియును. అచ్చట స్త్రీలు వాలుగచేప దవడయెముక పండ్లతో పత్తిని దువ్వి, శుభ్రపరచి, ఏకులు చేసి, రాట్నముపై నూరవ నంబరు నూలు దీయుదురు. నూరవ నంబరనగా, ఒక పౌను బరువు నూలు 84,000 గజములు. దాదాపు 48 మైళ్లు! ఈ నైపుణ్యము పుస్తకములో వ్రాసి భద్రపరచునది కాదు. తల్లి చేతినుండి కూతురి చేతికి రావలసినది. కొనువాడు లేనినాడు ఆ కూతురు రాట్నముకడ గూర్చుండదు. ఒక తరము విడిచిన పని రెండవ తరమునకు దొరకదు.

శాసనము పాలియెస్టరు జెండాను అనుమతించినది, ఆజ్ఞాపింపలేదు. ఖద్దరుజెండా నేటికిని చెల్లును. కావున ఎన్నుకొను భారము ప్రభుత్వముపై గాక మనపై బడినది. ప్రతి గృహస్థును ఖద్దరే కొనవలెనని మేము శాసింపజాలము, ధర యెక్కువ. కాని ఒక గ్రంథాలయమునకు, ఒక పాఠశాలకు, ఒక పురపాలకసంఘమునకు ఏట నొక ఖద్దరుజెండా భారమా? పదిమంది చదువరులు తలకొక కాఫీ ఖర్చు మానిన జెండా ఖరీదులో కొంత వచ్చును. తక్కినది సంఘము భరింపవచ్చును.

ఈ గ్రంథాలయముపై వచ్చు పండుగనాడు ఎగురు జెండా చేత వడికినదై యుండవలెనని ఈ సభలోనే తీర్మానింపుడని మా ప్రార్థన. తెచ్చిన గుడ్డ ఖద్దరో కాదో చూచుటకు దాని అంచున నొక పోగు లాగుడు, దీపము చూపుడు. బూడిద మెత్తగానుండిన పాలియెస్టరు కాదని తేలును. చేత వడికినదో కాదో నిప్పు చెప్పదు; దానికి ఖద్దరు ముద్రను, అమ్మినవాని మాటను అడిగి తెలిసికొనుడు. అడుగువాడున్నంతకాలము వడుకువారుందురు.

వందేమాతరము.