సీట్ల లెక్క వేరు, ఓట్ల లెక్క వేరు

(పెద్దాపురంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము తెలంగాణ ఉద్యమంలో తిరిగిన జర్నలిస్టులం. పెద్దాపురం వెళ్లి మాట్లాడతామంటే మా దగ్గర కొందరు నవ్వారు. "అక్కడ మీ మాట ఎవరు వింటారు?" అన్నారు. మీరు భోజనం పెట్టి మరీ వింటున్నారు. ఆ నవ్వినోళ్ల అంచనా ఒకటి ఇక్కడే తప్పింది. అలాంటి అంచనాల గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాం.

ఎడమ వాళ్లు, కుడి వాళ్లు అంటాం. అభ్యుదయవాదులు, సంప్రదాయవాదులు అంటాం. వీళ్ల గురించి టీ కొట్టు నుంచి టీవీ చర్చ దాకా కొన్ని మాటలు చెల్లుబాటవుతున్నాయి. ఎవరూ లెక్క అడగరు. అడిగితే ఏమవుతుందో చూద్దాం.

మొదటి మాట: "ఆంధ్రా జనం 1955లోనే కమ్యూనిస్టులను బంగాళాఖాతంలో కలిపేశారు." గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇది తాతల నుంచి మనవళ్లకు వచ్చిన ఆస్తి లాంటి మాట. సీట్లు చూస్తే నిజమే. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి 140 స్థానాలుంటే, కమ్యూనిస్టులు 41 గెలిచారు. కాంగ్రెస్‌కు వచ్చింది 40. మూడేళ్లు తిరిగేసరికి 1955 మధ్యంతర ఎన్నికల్లో 196 స్థానాలకు కమ్యూనిస్టులకు దక్కింది 15. ఇంతకంటే చావుదెబ్బ ఏముంటుంది?

ఇప్పుడు ఓట్లు చూడండి. 1952లో సుమారు 22 శాతం. 1955లో 31 శాతం! తిరస్కరించిన పార్టీకి జనం ఎక్కువ ఓట్లు ఎందుకు వేస్తారు? జరిగింది వేరు. 1952లో ఎదుటి పక్షం చీలి ఉంది. కాంగ్రెస్ ఓ పక్క, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ ఓ పక్క, ప్రకాశం పంతులు గారు ఓ పక్క. 1955లో ఈ ముగ్గురూ ఐక్య కూటమి కట్టారు. ముక్కోణపు పోటీలు పోయి ముఖాముఖి పోటీలొచ్చాయి. కాంగ్రెస్‌కు 39 శాతం ఓట్లతో 119 స్థానాలు వచ్చాయి. కూటమి మొత్తానికి 146. బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. పత్రికలు "ప్రజాతీర్పు" అన్నాయి. తీర్పే, కాదనం. కానీ నూటికి ముప్పై ఒక్క మంది వేసిన ఓటు ఆ తీర్పు కాగితంలో ఎక్కడా కనపడదు.

ఈ లెక్క చెప్పుకొని మేము చాలా సభల్లో చప్పట్లు కొట్టించుకున్నాం. ఓ సభలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన లేచి, "బాబూ, రెండుసార్లూ సమానంగా పోటీ చేశారా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు. వెళ్లి వెతికితే, 1952లో వాళ్లు నిలబడింది సగం కంటే తక్కువ స్థానాల్లో. 1955లో 169 చోట్ల నిలబడ్డారు. అభ్యర్థే లేని చోట ఓటు ఎలా పడుతుంది? కాబట్టి 22 నుంచి 31కి పెరిగిందంతా ఆదరణ పెరగడం కాదు. జనం తరిమేశారన్నదీ తప్పే, జనం ఎగబడ్డారని మేమన్నదీ తప్పే. మాస్టారికి ఈ వేదిక మీద నుంచి నమస్కారం.

రెండో మాట కుడి వైపుది. "1998 కంటే 1999లో మా బలం పెరిగింది" అని బీజేపీ మిత్రులు అనేవారు. లోక్‌సభలో మన రాష్ట్రం నుంచి వాళ్ల సీట్లు 4 నుంచి 7 అయ్యాయి, అది నిజం. ఓట్లో? 18 శాతం నుంచి 10 శాతం లోపుకి దిగాయి. 1998లో రాష్ట్రమంతా నిలబడ్డారు. 1999లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకొని 8 చోట్ల మాత్రమే నిలబడి 7 గెలిచారు. ఎడమ వాళ్లకు ఓటు పెరిగి సీటు పోయింది, కుడి వాళ్లకు ఓటు తగ్గి సీటు పెరిగింది. రెండు చోట్లా మనం మాత్రం సీట్లే లెక్కపెట్టి సిద్ధాంతాలు చేశాం.

ఆ 1998 గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. మా ఉద్యమానికీ మీ జిల్లాకూ ముడి అక్కడుంది. బీజేపీ తెలంగాణకు అనుకూలంగా తీర్మానం చేసింది హైదరాబాద్‌లో కాదు, మీ పక్కనున్న కాకినాడలో, 1997లో. ఆ తర్వాత "ఒక ఓటు, రెండు రాష్ట్రాలు" అని ఎన్నికలకు పోయారు. కోస్తాలో డిపాజిట్లు దక్కవన్నారు. అప్పుడు వాళ్లు గెలిచిన 4 సీట్లలో కరీంనగర్, సికింద్రాబాద్ తెలంగాణవి. మిగతా రెండూ కాకినాడ, రాజమండ్రి! "కోస్తా వాళ్లు మన మాట వింటేనే మండిపడతారు" అని మా దగ్గర అనేవాళ్లకు మేము ఈ రెండు పేర్లే చెప్పేవాళ్లం.

మూడో మాట చదువు గురించి. "చదువు పెరిగితే ఛాందసం తగ్గుతుంది." ఉద్యోగులకు, విద్యార్థులకు ఇష్టమైన మాట, మనల్ని మనం పొగుడుకునే మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 2001లో 60 శాతం, 2011లో 67. అదే పదేళ్లలో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 961 నుంచి 939కి పడిపోయారు. చదువే ఆడపిల్లను చంపిందని మేమనం. స్కానింగ్ మిషన్ అందుబాటులోకొచ్చింది, కట్నం ఎక్కడికీ పోలేదు. కానీ చదువుకున్నామని చెప్పి ఈ 939 నుంచి తప్పించుకునే వీలు మనకు లేదు.

"గోదావరిలో గెలిచినోడిదే రాష్ట్రం" అన్నది మీ ఊరి వాళ్లకు నచ్చే మాట. 2014లో తూర్పు గోదావరిలో తెలుగుదేశం 19కి 12, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ 14. సరిపోయింది. కానీ 175కి 151 వచ్చిన గాలిలో ఏ జిల్లాను పట్టుకున్నా సరిపోతుంది కదా! కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం వాళ్లు మొత్తానికి మొత్తం ఇచ్చారు, వాళ్లేమనాలి? ఇక పెద్దాపురమైతే 2009లో ప్రజారాజ్యాన్ని, 2019లో తెలుగుదేశాన్ని గెలిపించి రెండుసార్లూ ప్రతిపక్షంలో కూర్చుంది. మీ సామెతను మీరే కొట్టేశారు.

మిమ్మల్ని అనే ముందు మమ్మల్ని మేము అనుకోవాలి. ఉద్యమ రోజుల్లో కరపత్రంలో అంకె కనపడితే అది ఎక్కడిదని అడగలేదు. బాగుంటే మైకులో చదివేశాం. 2011 జనవరిలో శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటికొచ్చినప్పుడు రెండు వైపులా ఎవరికి కావలసిన పేజీ వాళ్లు చించుకున్నాం. హైదరాబాద్‌ను కలిపితే ఒక తెలంగాణ, తీసేస్తే ఇంకో తెలంగాణ. కలిపిన అంకె మీ నాయకులు చదివారు, తీసేసిన అంకె మేము చదివాం. వెనుకబాటు గురించిన మా బాధ నిజం. దాన్ని చెప్పడానికి అడ్డదారి అంకె అక్కర్లేకపోయింది. ఒక్క తప్పు అంకె దొరికితే చాలు, ఎదుటివాడు మన బాధను కూడా అబద్ధమంటాడు. అలా అనిపించుకున్నాం కూడా.

ఇందాక భోజనాల దగ్గర మీలో ఒక తమ్ముడు అడిగాడు. "కాకినాడలో 1998లో గెలిచింది రెండు రాష్ట్రాల నినాదమా అన్నా, కృష్ణంరాజు గారి సినిమా మొహమా?" అని. రాజమండ్రిలో సినిమా హీరో లేడు కదా అని జవాబు చెప్పాం. చెప్పాక మాకే అనుమానమొచ్చింది. పక్క నియోజకవర్గం ఊపు అక్కడికి పాకలేదని ఎలా చెప్పగలం? ఒక్క ఎన్నికతో ఆ రెండింటినీ విడదీయలేం. బూత్‌ల వారీ అంకెలు పట్టుకొని కూర్చుంటే ఏమైనా తేలుతుందేమో. ఆ తమ్ముడు ముందుకు రావాలి. మైకు ఇటివ్వండి.