అడవి దారి జీపునకు టైర్ల ఎంపిక



ఫాల్గుణ మాసము చివర ఆత్మకూరు మీదుగా శ్రీశైలమునకు కాలినడకను పోవు కన్నడ భక్తులను మీరెల్లరు నెఱుగుదురు. వారు నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను అను మజిలీల మీదుగా నల్లమలను దాటి, ఉగాది నాటికి మల్లికార్జునుని సన్నిధి చేరుదురు. అప్పటికి ఎండలు ముదురును. అడవిలో నీటికి కొఱత. అందుచే చుట్టుపట్ల గ్రామములవారు దారి పొడవున అన్నమును, మజ్జిగను, మంచినీటిని అందించుట ఆచారమైనది. ఈ పని కొఱకు మా గ్రామమున నాలుగు చక్రములకును ఇంజను బలము చేరునట్టి పాత జీపొకటి కలదు. అటవీశాఖవారి అనుమతి గైకొని, మా తమ్ముని కుమారుడు దానిపై నీటి డ్రమ్ములను గొనిపోవును. బండి టైర్లకు చందా ప్రోగుచేసి, వానిని కొనిపెట్టు భారము మూడేండ్ల క్రిందట నాపై బడినది. అప్పుడు నేను చేసిన పొరపాటును, దానివలన నేర్చిన పాఠమును మీకు విన్నవించుటయే నేటి ప్రసంగము.

చేతనున్న సొమ్ము కొంచెము. మా కుఱ్ఱవాడు, “పెద్దనాయనా, లావు గుండీల మడ్డు టైర్లు వేస్తే బండి ఎక్కడికైనా పోతుంది, చూపుకూ బాగుంటుంది” అనెను. క్రొత్తవానిని కొనుటకు సొమ్ము చాలదు. ఒక పట్టణమున వాడిన టైర్లను సగము ధరకు అమ్మువాడు దొరకెను. గ్రిప్పు నిండుగానున్నది, నల్లని రంగు పూసినందున నిగనిగలాడుచున్నది. నేను వెలను మాత్రము విచారించి, సంతోషముతో కొనిపెట్టితిని.

నాగలూటి దాటిన పిమ్మట రాళ్లదారిలో వెనుక టైరు ప్రక్కగోడ జానెడు పొడవున చీలిపోయెను. స్టెప్నీ బిగింపబోగా అది వేఱు కొలతది. మఱియొక బండి వచ్చుటకు మూడు గంటలు పట్టెను. ఇంతలో మేము చేరవలసిన మజిలీ కడ, నా అక్క వయసుగల యొక యమ్మ ఎండదెబ్బకు సొమ్మసిల్లెను. తోడి యాత్రికులు తమ సీసాలలో మిగిలియున్న నీటిని ఆమె గొంతులో పోసి ప్రాణము నిలిపిరి. రెండు డ్రమ్ముల నీరు మా జీపుమీదనే యున్నది!

మఱునాడు మెకానిక్కు ఆ టైరు ప్రక్కన అచ్చు వేసిన నాలుగంకెలను నాకు జూపెను. 1112. అనగా 2012వ సంవత్సరమున పదునొకండవ వారమందు పుట్టిన టైరు. పదియేండ్లు దాటినది. గ్రిప్పు అరుగకున్నను రబ్బరు ఎండకు, గాలికి గట్టిపడి లోలోపల పగిలినది. నలువదియేండ్లు బాలురకు అక్షరములు నేర్పినవాడను. టైరుపైని అక్షరములను నేను చదువకపోతిని. అమ్మినవానిని నిందించి ఫలమేమి? అడుగవలసినది నేను, అడుగకపోతిని.

ఇక విషయమునకు వచ్చెదను. బండి యెంత పెద్దదైనను, నేలను తాకునది నాలుగు అరచేతులంత చోటుమాత్రమే. ఎక్కుట, ఆగుట, మలుగుట యన్నియు ఆ నాలుగు అరచేతులపైననే ఆధారపడియున్నవి. కావున మొదట విచారింపవలసినది టైరు అందము గాదు. బండి నడచు నేల యేది, ఏ ఋతువున నడచును అనునదే.

ఇట్టి బండ్లకు టైర్లు ముఖ్యముగా మూడు తెఱగులు. హెచ్.టి. అనునది తారురోడ్డు టైరు. దాని గీతలు సన్నములు, చప్పుడు తక్కువ, మన్నిక యెక్కువ, బురదలో జాఱును. ఎమ్.టి. అనునది మడ్డు టైరు. దాని గుండీలు లావు, వాని నడుమ సందులు వెడల్పు. చక్రము తిరుగునపుడు సందులలోని బురద చిమ్మివేయబడును. కాని యది తారుపై హోరుమని మ్రోగును, త్వరగా అరుగును, నూనె ఖర్చు పెంచును. వానకు తడిసిన తారుపై బ్రేకు వేసినచో బండి దూరముగా పోయి ఆగును. ఏ.టి. అనునది ఈ రెంటికిని మధ్యస్థము. తారుకును, గరుసునేలకును, రాళ్లదారికిని, కొద్దిపాటి బురదకును అది పనికివచ్చును.

మన సీమ నేలలను తలచుడు. ఆత్మకూరు, బైర్లూటి ప్రాంతపు అడవి బాటలు గరుసు, రాయి. ఆళ్లగడ్డ చెంత అహోబిలమున పావన నరసింహస్వామి కడకు జీపులు పోవు దారియు బండలు, వేళ్లు, గుంటలే. నంద్యాల, కోవెలకుంట్ల పొలములు నల్లరేగడి. వానకాలమున ఆ మన్ను బంకవలె పట్టి మడ్డు టైరు సందులనుగూడ పూడ్చివేయును. రేగడి తడిసియున్న దినములలో బండిని కట్టివేసి ట్రాక్టరును పంపుటయే లాభము. యాత్ర జరుగు ఫాల్గుణమున అడవిలో బురద యెక్కడిది? ఉన్నవెల్ల వాడి రాళ్లు, దుమ్ము. రాళ్లకు వలసినది లావు గుండీలు గాదు, బలమైన ప్రక్కగోడ. మా జీపు ఏడాదిలో తిరుగు దారి ముప్పాతిక వంతు తారు. ఈ లెక్క ముందే వేసికొనియున్నచో మడ్డు టైర్ల మాటయే వచ్చియుండదు. ఇంటిలో ఈగల మోత, బయట పల్లకీ మోత యను సామెత మాపట్ల నిజమైనది.

రెండవది కొలత. టైరుపై 215/75 ఆర్ 15 అని యున్నచో, వెడల్పు 215 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. ఆర్ అనగా రేడియల్ నేత. 15 అంగుళములు రిమ్ము. బొలేరో బండ్లలో ఈ కొలత తఱచు కనబడును. పాత జీపులకు 6.00-16 అను కొలత యుండెడిది. కొందఱు బండి యెత్తు పెరుగునని 235/75 ఆర్ 15 వేయింతురు. లెక్కవేసి చూడుడు: చక్రము మొత్తము ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగును, కాని నేలకును బండి అడుగునకును నడుమ పెరుగునది అందులో సగమే, అనగా అర అంగుళమునకు కొంచెము పైన. దానికై యింజను లాగు బలము తగ్గును. మీటరు 60 చూపునపుడు బండి 62 దాటి పోవుచుండును. మలుపులలో టైరు బండి రేకును రాయవచ్చును. తయారీదారు చెప్పిన కొలతను విడువకుండుటయే చవక.

నాలుగు చక్రముల బండికి మఱియొక నియమము కలదు. నాలుగు టైర్లును ఒకే కొలత, ఒకే తెఱగు, ఇంచుమించు ఒకే అరుగుదల కలిగియుండవలయును. ముందు చక్రములు, వెనుక చక్రములు వేఱువేఱు చుట్టుకొలతలతో నున్నచో, నాలుగు చక్రములకు బలము కలిపినపుడు లోపలి గేర్లు ఒకదానితో నొకటి పెనగులాడి చెడును. జత టైర్లు మాత్రమే కొనగలిగినవారు గట్టి తారుపై ఆ గేరును వేయకుందురు గాక. స్టెప్నీయు అదే కొలతది కావలయును. ఈ మాటను మా అనుభవముతో చెప్పుచున్నాను.

మూడవది వయస్సు, బరువు. నాలుగంకెల తేదీని మొదట చదువుడు. అయిదేండ్లు నిండిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, గ్రిప్పు మిగిలియున్నను పదియేండ్లు మించి వాడరాదనియు తయారీదారులు పలువురు చెప్పుదురు. కొలత ప్రక్కన 100 ఎస్ వంటి గుర్తు కలదు. 100 అను సంఖ్య కిలోలు గాదు. అది పట్టికలోని గుర్తు. దాని యర్థము ఒక్క టైరు 800 కిలోలు మోయగలదని. 97 అయినచో 730 కిలోలే. నీళ్లు, ధాన్యము, పదిమంది జనము ఎక్కు బండికి ఈ భేదము చిన్నది గాదు. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినపుడు కనబడు చిన్న గట్లు టైరులోనే అచ్చు వేయబడి యుండును. గ్రిప్పు అరిగి ఆ గట్లతో సమమైనచో టైరు పని తీఱినది.

నాలుగవది ఖర్చు. వెలను గాక, కిలోమీటరునకు పడు పైసలను లెక్కింపుడు. ఉదాహరణకు, 6,000 రూపాయల టైరు 40,000 కిలోమీటర్లు నడచినచో కిలోమీటరునకు 15 పైసలు. 4,000 రూపాయలది 20,000 మాత్రమే నడచినచో 20 పైసలు. తక్కువ వెలది ఎక్కువ ఖర్చైనది. 2025 సెప్టెంబరు 22 నుండి టైర్లపై జి.యస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గింపబడినది. పన్ను చేరక మునుపటి వెల 20,000 అయినచో, 5,600 పన్ను కట్టవలసినచోట 3,600 కట్టుదుము. రెండు వేలు మిగులును. రసీదు అడిగి తీసికొనుడు. మన తెలుగునేలపైననే సదాశివపేటలో ఎమ్.ఆర్.ఎఫ్. కర్మాగారము, తిరుపతి జిల్లా చినపండూరులో 2020లో ప్రారంభమైన అపోలో కర్మాగారము కలవు. విదేశపు పేరు కొఱకు ఎక్కువ వెల నీయనక్కఱలేదు. అరిగిన టైరుపై క్రొత్త రబ్బరు నెక్కించు రీబటన్ పద్ధతి బరువు లారీల వెనుక చక్రములకు వాడుకలో నున్నది. జనమును మోయు జీపు ముందు చక్రములకు దానిని వేయింపకుడు.

అయిదవది గాలి. ఇది అన్నింటికన్న చవక. ఇసుక వంకలోగాని, మెత్తని మన్నులోగాని బండి దిగబడినపుడు 30 పౌండ్ల గాలిని 20కి తగ్గించినచో టైరు చప్పిడియై, నేలను తాకు చోటు పెరిగి, బండి మెల్లగా బయటపడును. ఆ గాలితో వేగముగా పోరాదు. తారు ఎక్కక మునుపే మరల నింపవలయును. లేనిచో ప్రక్కగోడ కాగి చీలును. గాలి కొలుచు గేజి, బ్యాటరీతో నడచు చిన్న పంపు బండిలో నుండినచో, ఏ.టి. టైరుతోడనే కొన్ని మడ్డు టైరు పనులు జరుగును. ప్రతి 10,000 కిలోమీటర్లకు టైర్ల స్థానములు మార్చినచో నాలుగును సమముగా అరుగును.

మేము తరువాత రెండు వాయిదాలలో అయిదు ఏ.టి. టైర్లను, తేదీ చూచి, రసీదుతో కొంటిమి. వానికి రంగు పూయలేదు. కుఱ్ఱవాడు మొదట కొంచెము చిన్నబుచ్చుకొనెను. కాని నిరుటి యాత్రలో పెచ్చెరువు దారిని ఆఱుమారులు నీరు చేర్చి, ఒక పంచరుతో మాత్రము తిరిగి వచ్చినపుడు, “పెద్దనాయనా, ఈసారి మీరు చదివి కొన్నారు” అనెను. నాకు లభించిన బిరుదులలో దానిని మిన్నగా నెంచుచున్నాను.

పెద్దలారా, ఊరి సొమ్ముతో బండికి టైర్లు కొనుటకు కుఱ్ఱవారు మీ కడకు వచ్చినపుడు వారిని కసరకుడు. అడిగినంత చేతిలో పెట్టియు ఊరకుండకుడు. ఏ నేల, ఏ కొలత, ఏ తేదీ, ఎంత బరువు, కిలోమీటరునకు ఎన్ని పైసలు అను అయిదు ప్రశ్నలు అడుగుడు. అయిదింటికిని జవాబు వచ్చిన పిమ్మటనే సంచి విప్పుడు. ఆ బండి కొఱకు ఎండలో ఎదురుచూచువారెవరో మనమెఱుగము.