ఇంట నుండి చదువా, అద్దె గదిలో చదువా?

(విద్యా సంవత్సరారంభమున బంగారుపేటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమందు ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి అంగడిలో కూర్చున్నవాడను. కావున నేడు నాకప్పగించిన విషయమును వర్తకుడు చూచు తీరుననే చూచి, జమా ఖర్చులు వేసి మీ ముందుంచెదను. పి.యు.సి. ఫలితములు వెలువడిన నాటి నుండి మన యిండ్లలో ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది. బెంగుళూరు కళాశాలలో సీటు వచ్చినది. పిల్లవానిని ప్రతిదినము రైలులో పంపుదుమా, లేక అక్కడనే గది చూతుమా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన పూర్వులలో వారాలు చేసికొని చదివినవా రెందరో కలరు. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భుజించి, ఎవరి అరుగు మీదనో పండుకొని విద్య నేర్చిరి. మనవలెనే తరతరముల క్రిందట ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ముద్దేనహళ్ళి నుండి బెంగుళూరు వచ్చి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులైరి. ఆ మహనీయుని కథ మన పిల్లలకు తరచుగా చెప్పుచుందుము. కాని ఊరు విడిచి పోనిదే ఆయనకు ఆ చదువు లేదన్న మాటను మాత్రము మరచుచుందుము.

నేడు మనకు రైలు కలదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు బంగారు గనులు మూతపడిన పిదప ఈ ప్రాంతమున వేలాది కుటుంబములకు ఆ రైలే అన్నదాత. మారికుప్పము నుండి, ఇచ్చటి నుండి తెల్లవారక మునుపే బయలుదేరు బండ్లలో కూలీలు, గుమాస్తాలు, విద్యార్థులు కలిసియే పోవుచున్నారు. కావున "అందరు పోవుటలేదా, మనవాడును పోవును" అనుట మనకు సులభమైనది. ఆ సులభమైన మాటనే నేడు కొంచెము తూచి చూతము.

బంగారుపేట నుండి బెంగుళూరు పెద్ద స్టేషనుకు సుమారు 70 కిలోమీటర్లు. రైలు కాలపట్టికలో వ్రాసిన సమయమును చూచి మనము తృప్తి పడుదుము. అది సరియైన లెక్క కాదు. ఇంటి గడప నుండి కళాశాల గడప వరకు పట్టు సమయమే లెక్క. ఇంటి నుండి స్టేషనుకు నడక, బండికై నిరీక్షణ, దిగిన పిదప బస్సు, ఆ బస్సు వాహనముల రద్దీలో నిలుచుట, ఇవన్నియు అందులో చేరవలయును. నగరమునకు ఆవలి దిక్కుననున్న కళాశాలకు పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు రెండున్నర గంటలు అనుకొందము. దినమునకు అయిదు గంటలు. కళాశాల సంవత్సరమునకు 200 దినములు జరిగినచో వేయి గంటలు.

గదిలో ఉన్నవానికిని నడక, బస్సు తప్పవు. అందుకు దినమున కొక గంట తీసివేసిన, తేడా 800 గంటలు.

ఇక రూకల సంగతి. భోజనముతో కూడిన వసతికి నెలకు 10,000 రూపాయలు అనుకొందము. ఇంటనున్నచో వాని భోజనమునకు, ప్రయాణమునకు నెలకు 3,000 రూపాయలు అనుకొందము. తేడా 7,000. సంవత్సరమునకు 84,000 రూపాయలు. ఈ మొత్తమును ఆ 800 గంటలచే భాగించినచో గంటకు 105 రూపాయలు వచ్చును. అనగా గది తీసికొనినవాడు అద్దె నిచ్చి గోడలను కొనుటలేదు. గంటకు 105 రూపాయల వెలకు కాలమును కొనుచున్నాడు.

ఇప్పుడు మరియొక పిల్లవానిని చూడుడు. వాని కళాశాల వైట్‌ఫీల్డు ప్రాంతముననో, మెట్రో దారిలోనో ఉన్నది. 2023 మార్చిలో వైట్‌ఫీల్డుకు మెట్రో వచ్చెను; ఆ సంవత్సరము అక్టోబరులో నడుమనున్న ఖండము పూర్తియై నగరము నడిబొడ్డు వరకు దారి కలిసెను. వైట్‌ఫీల్డు రైలు స్టేషను దాని ప్రక్కనే ఉన్నది. వీనికి గడప నుండి గడపకు గంటన్నర కన్న తక్కువ, గంటంబావు అనుకొందము. రానుపోను రెండున్నర గంటలు. గదిలో ఉన్నను పట్టు గంటను తీసివేసిన, దినమునకు గంటన్నర, సంవత్సరమునకు 300 గంటలు మిగులును. అదే 84,000 రూపాయలను 300చే భాగించిన గంటకు 280 రూపాయలు. ఈ పిల్లవానికి గది తీసికొనుట ప్రియమైన బేరము. మొదటి పిల్లవానికి అంత ప్రియము కాదు. హోసూరు సోదరులకును ఇదే మాట. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వరకు మెట్రో దారి తెరచిన పిమ్మట వారి పాత లెక్కలన్నియు మరల వేసికొనవలసి యున్నది.

కావున ఎవరి అంకెలతో వారు ఈ లెక్క వేసికొనుడని నా మనవి. పొరుగువాని కొడుకు ఏమి చేసెనన్నది మనకు ప్రమాణము కాదు. గంటంబావు లోపలనైన ఇల్లే మేలు. రెండు గంటలు మించినచో వసతిగృహమును గూర్చి నిజముగా ఆలోచింపవలెను. నడుమనున్నవారు చదువు స్వభావమును చూడవలెను. సాయంకాలము వరకు ప్రయోగశాలలో నిలువవలసిన చదువుకును, మధ్యాహ్నమునకే ముగియు చదువుకును భేదము కలదు.

ఇంతవరకు చెప్పినది అంకగణితము. అసలు చెప్పదలచిన మాట ఇక చెప్పెదను.

పిల్లవాడు ఇంట నుండి చదివిన "మనకు 84,000 రూపాయలు మిగిలినవి" అని మన మనుకొందుము. అయ్యా, ఆ సొమ్మును మిగిల్చినది ఎవరు? తండ్రియా? కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, నిలువుకాళ్ళ మీద ప్రయాణము చేసి, రాత్రి ఇల్లు చేరు పిల్లవాడు తన 800 గంటలను చెల్లించి దానిని మిగిల్చినాడు. చిఠ్ఠాలో ఆ జమ ఎవరి ఖాతాకు చెందవలెనో వర్తకులైన మీకు నేను చెప్పనక్కరలేదు. అది వాని చదువు ఖాతాకు జమ కావలెను. కాని మనము దానిని ఇంటి ఖర్చులో కలిపివేయుదుము. అంతటితో ఆగము. "ఇంటనే ఉన్నాడు గదా" అని సాయంకాలము అంగడిలో కూర్చుండబెట్టుదుము. ఆదివారము సరకు దింపించుదుము. పెండ్లికి, పేరంటమునకు, చుట్టముల రాకపోకలకు వానినే పంపుదుము. ఆడపిల్లయైన వంటయింటి పని సరేసరి. ఇట్లు వాడు అద్దెను గంటల రూపమున ఒకమారు, ఇంటి పని రూపమున రెండవమారు చెల్లించును. పరీక్షలో మార్కులు తగ్గినచో, చదువు అబ్బలేదని మనమే తీర్పు చెప్పుదుము.

కావున ఇంట నుండి చదివించు తల్లిదండ్రులు నాలుగు నియమములు పెట్టుకొనవలెనని కోరుచున్నాను. మొదటిది, మిగిలిన సొమ్ములో సగమైనను పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో పిల్లవాని పేర వేయుడు. పుస్తకములకు, కంప్యూటరునకు, పై చదువునకు అది ఆధారము. రెండవది, కళాశాల జరుగు దినములలో అంగడి పని చెప్పకుడు. మూడవది, ఇల్లెంత చిన్నదైనను ఒక మూలను, ఒక దీపమును వానికి విడిచి, ఆ వేళ టెలివిజను ఆపుడు. నాలుగవది, పరీక్షల ముందు రెండు నెలలు మాత్రము నగరమున వసతి చూపుడు. దానికగు ఖర్చు 20,000 రూపాయలు. మిగిలిన దానిలో నాలుగవ వంతైనను కాదు. ఈ నడిమి మార్గమును మనవారు తలపనైన తలపరు.

గది తీసికొనువారికిని రెండు మాటలు. బెంగుళూరులో పది నెలల అద్దెను బయానాగా అడుగు ఆచారము చిరకాలముగా ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసమునకు రెండు నెలల అద్దెకు మించి బయానా కూడదన్నది; కాని అది నమూనా మాత్రమే, రాష్ట్రములు చేపట్టిననే చట్టమగును. కావున బేరమాడుడు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొనుడు. ఖాళీ చేయునప్పుడు సున్నము, రంగుల పేర ఎంత కోయుదురో ముందుగనే కాగితము మీద వ్రాయించుకొనుడు. విద్యా ఋణము తీసికొనువారు వసతి, భోజనముల ఖర్చును గూడ అందులో చేర్చవచ్చునా యని బ్యాంకులో అడుగుడు, చాలవరకు చేర్చుదురు. అడుగక, గది అద్దెకై ఇల్లాలి మెడలోని బంగారమును కుదువబెట్టవలదు.

ఇక ఆడపిల్లల సంగతి. దీనిని దాటిపోయిన నా ప్రసంగము అసత్యమగును. మన యిండ్లలో కొడుకునకు నగరమున గది, కూతునకు ఊరిలోని కళాశాల అను రీతి ఇంకను నడచుచున్నది. అమ్మాయికి ఇష్టమైన చదువు ఇచ్చట లేకున్నను, ఉన్నదే చదువుమందుము. ఖర్చని కారణము చెప్పుదుము. ఆ కారణమైనను నిలుచునా? పట్టభద్ర తరగతుల వరకు బాలికలకు ఇంటికిని కళాశాలకును నడుమ రెండవ తరగతి రైలు సీజను టికెట్టు ఉచితము. 2023 జూను నుండి కర్ణాటక వాసులైన స్త్రీలకు రాష్ట్రపు సాధారణ బస్సులలో టికెట్టు లేదు. వెనుకబడిన తరగతుల వారికి ప్రభుత్వ వసతిగృహములు కలవు. అందు చోటు దొరకనివారికి విద్యాసిరి పథకము కలదు. కావున ఖర్చు కాదు, భయమే కారణము. భయమును నేను తప్పుపట్టను, నేనును తండ్రినే. కాని భయమును ఖర్చుల పద్దులో వ్రాయరాదు. వసతిగృహమును తల్లి స్వయముగా చూచి రావలెను. అచ్చట ఉన్న పిల్లలతో మాటలాడవలెను. అటుపిమ్మట నిర్ణయింపవలెను.

బంధువుల యింట ఉంచువారు కూడ ఒక నియమము పాటింపవలెను. భోజనమునకు నెల నెల ఇంత యని మర్యాదగా ఇచ్చివేయుడు. ఊరక తిన్న కూటికి పని రూపమున వడ్డీ కట్టవలసి వచ్చును. ఆ వడ్డీ పిల్లల చదువు నుండియే పోవును.

కొందరు పెద్దలు, ఊరు విడిచిన పిల్లలు తెలుగు మరచెదరని భయపడుచున్నారు. ఇంటనే ఉండి తెలుగు చదువను వ్రాయను రాని పిల్లలు మనలో ఎందరు లేరు? భాషను నిలుపునది మన శ్రద్ధయే కాని గది తాళము కాదు. ఆ మిషతో బిడ్డను ఇంట కట్టివేయుట న్యాయము కాదు.

చివరగా సంఘమునకు ఒక విన్నపము. బెంగుళూరులో సొంత యిండ్లున్న మన సభ్యులు పలువురు కలరు. న్యాయమైన అద్దెకు, రెండు నెలల బయానాకు విద్యార్థులకు గది ఈయగలవారి పేర్ల పట్టిక నొకదానిని ఈ సంవత్సరమే తయారు చేయుదము. మన పత్రికలో అచ్చు వేయక కార్యదర్శిగారి వద్ద ఉంచి, అడిగిన తల్లిదండ్రులకు చూపుదము. నాకు తెలిసిన వర్తకులచేత అందులో పేర్లు వ్రాయించు బాధ్యతను నేను వహించుచున్నాను.

ఇల్లో, గదియో మీ మీ లెక్కలు తేల్చును. ఏది ఎంచుకొనినను, పిల్లవాడు చెల్లించుచున్న గంటలను గూడ ఖాతాలో వ్రాయుడని మరల మరల వేడుకొనుచున్నాను.