కట్నం ఆస్తిలో వాటా అవుతుందా?



పల్లెల్లో పెళ్లి వెంట నడిచే డబ్బును ఈనాడు ఆర్థికశాస్త్రం దృష్టితో పరిశీలిద్దాం. కట్నం తప్పని మీరంతా పాఠాల్లో చదివారు. అయినా అది ఎందుకు నిలిచి ఉందో తెలియాలంటే లెక్క వేసి చూడాలి.

పెళ్లిలో డబ్బు ఎప్పుడూ అమ్మాయి ఇంటి నుంచే కదిలేది కాదు. కాయకష్టం చేసుకునే అనేక తెలుగు కులాలలో వరుడి వైపువారే వధువు తల్లిదండ్రులకు ‘ఓలి’ ఇచ్చేవారు. నాట్లు వేసి, కలుపు తీసే మనిషి ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి వెళుతోంది. ఆ శ్రమకు అది పరిహారం వంటిదని పండితులు వివరిస్తారు.

20వ శతాబ్దంలో ఈ ప్రవాహం దిశ మారింది. చదువు, నెలజీతం ముందుగా మగపిల్లలకు అందాయి. అటువంటి వరులు కొద్దిమంది, వారిని కోరుకునే కుటుంబాలు ఎన్నో. గిరాకీతో పాటు కట్నమూ పెరిగింది. పక్కింటివారు ఇచ్చినదే అందరికీ కొలమానమైంది. 1960 నుంచి 2008 వరకు 17 రాష్ట్రాల గ్రామాలలో జరిగిన సుమారు 40,000 పెళ్లిళ్లను ఆర్థికవేత్తలు పరిశీలించగా, 95 శాతం పెళ్లిళ్లలో కట్నం ఇచ్చినట్లు తేలింది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చిందని గుర్తుంచుకోండి.

“కట్నమంటే ఆడపిల్ల వాటాయే కదా!” అనే మాట మీరు వినే ఉంటారు. దీనిని ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం. నాలుగెకరాల రైతు ఒకరు నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు అప్పు తెచ్చి కట్నమిచ్చారనుకోండి. వడ్డీయే నెలకు 10,000 రూపాయలు, ఏడాదికి 1,20,000. అసలు అలాగే ఉంటుంది. రెండు పంటలు దెబ్బతింటే ఒక ఎకరం అమ్మక తప్పదు. మరి ఆ 5 లక్షలు ఎక్కడికి చేరాయి? వరుడి ఇంటి పాత అప్పుకో, అతని చెల్లెలి కట్నానికో వెళ్లి ఉండవచ్చు. పుట్టింట ఎకరం పోయింది. అమ్మాయి పేర మాత్రం ఏమీ మిగలలేదు.

వాటా అంటే తన పేరున ఉండాలి, తన అదుపులో ఉండాలి, కష్టకాలంలో ఆదుకోవాలి. ఇతరుల చేతికి వెళ్లిన కట్నానికి ఈ మూడు లక్షణాలలో ఒక్కటీ లేదు. పైగా, ఇచ్చినంత మాత్రాన అడగడం ఆగదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 6 వేలకు పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయి.

చట్టం ఏమంటోంది? కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం మూడూ నేరాలే. ఎవరు తీసుకున్నా ఆ సొమ్మును వధువుకు అప్పగించాలి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అమలులోకి తెచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లైన కూతుళ్లతో సహా దేశమంతటికీ ఆ హక్కును విస్తరించింది. అయినా “నీకు కట్నమిచ్చాం కదమ్మా” అన్న ఒక్క మాటతో ఎందరో అక్కచెల్లెళ్లు హక్కు వదులుకుంటూ కాగితాల మీద సంతకం చేస్తున్నారు. కట్నం వల్ల ఆడపిల్లకు జరిగే అసలు నష్టం ఇదే.

కనుక మీ ఇంట పెళ్లి లెక్కలు వేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: “ఇందులో అమ్మాయి పేరున ఏముంది?” ఆమెకు రావలసినది పెళ్లి షరతుగా కాదు, కూతురి హక్కుగా రావాలి.

సెలవు.